తీగ ఆగిన చోట

డాక్టరుగారు పోయారన్న కబురు మా పాత టెక్నీషియన్ ఫోన్ చేసి చెప్పాడు. ఒకప్పుడు గుండె నాళాలు చూసే మా క్యాథ్ ల్యాబ్‌లో ఎక్స్‌రే యంత్రం నడిపినవాడు, రోహ్‌తక్ మనిషి, ఇప్పుడు తనూ రిటైరయ్యాడు. నిద్రలోనే పోయారట. సంగతులన్నీ చెప్పి చివర్లో, "సిస్టర్, మొదట మీకే చేశాను. ఆయన మీవాడు కదా" అన్నాడు హిందీలో. ఆరిన బట్టలు తీద్దామని బాల్కనీలోకి వెళ్ళినదాన్ని ఫోన్ చేతిలో పట్టుకుని అక్కడే నిలబడిపోయాను. కింద ఇందిరాపురం రోడ్డు మీద స్కూలు బస్సులు ఒకదాని వెనక ఒకటి ఆగి హారన్లు కొడుతున్నాయి.

మావాడే. తొంభైల్లో దక్షిణ ఢిల్లీలోని ఆ ఆసుపత్రిలో, గుండె జబ్బుల విభాగంలో తెలుగు తెలిసినవాళ్ళం ఇద్దరమే. ఆయన పెద్ద డాక్టరు, అమలాపురం వైపు. నేను ల్యాబ్‌లో నర్సుని, ఖమ్మం దగ్గరిదాన్ని. మా ఆయనది కేంద్ర ప్రభుత్వ ఉద్యోగం కాబట్టి ఆర్.కె. పురంలో క్వార్టరు. డాక్టరుగారి తెలుగు నాకు కొత్తగా ఉండేది, నాది ఆయనకు నవ్వు తెప్పించేది. నేను ఏమరుపాటున "గట్లనే సార్" అంటే, వినపడనట్టు తల వంచి ఆ మాట మరోసారి అనిపించుకునేవారు.

మనిషి పొడుగు. ఎక్స్‌రే సోకకుండా వేసుకునే సీసపు కోటు ఏళ్ళ తరబడి మోయడం వల్ల నడుము పాడై కాస్త ముందుకు వంగి నడిచేవారు. ఆలోచనలో పడితే ఒంటికాలి మీద నిలబడి రెండో పాదంతో పిక్క రుద్దుకునేవారు. టీ వేడిగా తాగడం నేనెప్పుడూ చూడలేదు. తెచ్చి పెడితే మరిచిపోయి, పైన మీగడ కట్టాక ఒక్క గుక్కలో తాగేసి, బాగుందనేవారు. గేటు బయట బండి దగ్గర వేయించిన శనగలు కొని తెల్లకోటు జేబులో పోసుకునేవారు. ఉతకడానికి వచ్చిన కోట్లలో శనగలు దొరుకుతున్నాయని లాండ్రీవాళ్ళు మా మేట్రన్‌కి ఫిర్యాదు చేశారు. ఆమె ఆయన్ని ఏమీ అనలేక నన్ను పిలిచి కోప్పడింది. ఆ సంగతి చెబితే ఆయన చాలా సిగ్గుపడి, మర్నాటి నుంచి శనగలు ప్యాంటు జేబులో పోసుకోవడం మొదలుపెట్టారు.

రోగిని ల్యాబ్‌లోకి తేకముందే వార్డుకి వెళ్ళి చూసి రావడం ఆయన అలవాటు. మంచం పక్కన కూర్చుని, దుప్పటి కాస్త తప్పించి, రెండు గజ్జల్లోనూ వేళ్ళు ఆనించి కళ్ళు మూసుకునేవారు. నాడి చూస్తూనే పిల్లలేం చదువుతున్నారు, మీ ఊళ్ళో ఈసారి చలి ఎలా ఉంది అని అడుగుతూ ఉండేవారు. నాడి చూడటానికి అంతసేపెందుకని జూనియర్లు చాటుగా నవ్వుకునేవాళ్ళు.

ఎందుకో అర్థం కావాలంటే అప్పటి పద్ధతి కొంచెం చెప్పాలి. ఇప్పుడు మణికట్టు దగ్గర చిన్న రంధ్రం చేసి గుండె దాకా వెళ్ళి పని ముగించుకు వస్తున్నారు. అప్పుడు గజ్జ ఒక్కటే దారి. అక్కడి నాళంలోకి సూది గుచ్చి, దాని గుండా సన్నటి తీగ పంపి, ఆ తీగ మీదుగా బోలు గొట్టం పైకి తోసేవారు. అది కటి ఎముకల మధ్యగా పొట్టలోని పెద్ద నాళంలోకి ఎక్కి, అక్కడి నుంచి గుండె దాకా చేరాలి. పడుచువాళ్ళకు కటి దగ్గరి నాళాలు తిన్నగా ఉంటాయి. వయసు పైబడినవాళ్ళకు, ఏళ్ళ తరబడి రక్తపోటు ఉన్నవాళ్ళకు, పొగతాగేవాళ్ళకు ఆ నాళాలు సాగి, గట్టిపడి, మెలికలు తిరిగిపోతాయి. కొందరికి ఒక మెలిక మీద ఇంకో మెలిక. గుండె దగ్గర చేయాల్సిన అసలు పని మొదలుకాకముందే కథ అక్కడే ఆగిపోయేది.

కొత్తగా వచ్చిన జూనియర్లకు ఈ విషయం ఆయన ఆసుపత్రి పచ్చికలో నేర్పేవారు. చలికాలం మధ్యాహ్నం ఎండలో అందరం కూర్చుంటే, తోటమాలి నీళ్ళ పైపు తీసుకుని గడ్డి మీద వంకర్లుగా పరిచేవారు. ఒక కొస జూనియర్ చేతికిచ్చి తిప్పమనేవారు. వాడు తిప్పుతాడు. పైపు మధ్యలో మెలిపడుతుంది తప్ప అవతలి కొస కదలదు. ఇంకా తిప్పమనేవారు. వాడు బలంగా తిప్పేసరికి మెలిపడ్డ చోట పైపు నలిగి ముడిపడేది, లేదా అవతలి కొస ఒక్కసారిగా గిర్రున తిరిగి ఎవరి కాలికో తగిలేది. అందరం నవ్వేవాళ్ళం. ఆయన మాత్రం నవ్వకుండా, ఆ కొస గుండె నాళం నోట్లో ఉందనుకో, అప్పుడేం చేస్తావు అని అడిగేవారు.

"తీగ చెప్పేది వినాలి, మన చెయ్యి చెప్పేది కాదు" అనేవారు ఇంగ్లీషులో. తీగ ముందుకు పోనంటే వెనక్కి తీయాలి. ఆ వెనక్కి తీయడం ఆయన ఎంత నెమ్మదిగా చేసేవారో! నిద్రపోతున్న పసిబిడ్డ తల కింద నుంచి చెయ్యి తీసుకుంటున్నట్టు ఉండేది. తోటి డాక్టర్లు కొందరు ఆయన్ని పిరికివాడనేవాళ్ళు. ఆ మాట ఆయన చెవిన పడిందని నాకు తెలుసు. దాని గురించి ఎప్పుడూ మాట్లాడలేదు.

ల్యాబ్‌లో ఆయనకింకో అలవాటుండేది. నేను చెప్పాలనుకున్నది దాని గురించే.

మా దగ్గర రోగికి పూర్తిగా మత్తు ఇవ్వరు. గజ్జ దగ్గర తిమ్మిరెక్కించే సూది మాత్రమే. మనిషి మెలకువగా ఉండి అన్నీ వింటూ ఉంటాడు. పని సాఫీగా సాగుతున్నంతసేపూ ఆయన హిందీలో రోగిని పలకరిస్తూ, ఇంగ్లీషులో మాకు పనులు చెబుతూ ఉండేవారు. ఏదైనా తేడా వచ్చిందంటే తెలుగులోకి మారేవారు. గొంతు మారేది కాదు, ఎవరింటి సంగతో చెబుతున్నట్టు చాలా మామూలుగా, "ఇది మొరాయిస్తోందమ్మా. ఆ జారుడు తీగ ఒకటి సిద్ధంగా ఉంచు" అనేవారు. లేదా బీపీ మీద కన్నేసి ఉంచమనేవారు. టెక్నీషియన్‌కి తెలుగు రాకపోయినా ఆ భాష చెవిన పడగానే నడుం నిటారు చేసుకునేవాడు. బల్ల మీద ఉన్నవాడికి మాత్రం ఏమీ తెలిసేది కాదు. డాక్టరూ సిస్టరూ ఏదో పిచ్చాపాటీ చెప్పుకుంటున్నారనుకుని ధైర్యంగా పడుకునేవాడు. అది ఆయన దయ అనుకునేదాన్ని. ఇప్పటికీ దయే అనుకుంటాను.

ఒక చలికాలం మొదట్లో ఒక హవల్దారు వచ్చాడు. సైన్యం నుంచి రిటైరై, ఓఖ్లాలో ఒక ఫ్యాక్టరీకి సెక్యూరిటీ సూపర్‌వైజరుగా ఉండేవాడు. ఆ కంపెనీయే పంపింది. అరవై ఏళ్ళ మనిషి, కండ పోయినా భుజాలు ఇంకా వెడల్పుగానే ఉన్నాయి. కేసు షీటులో పేరు డేనియల్ అని ఉంది. హిందీ గఢ్వాల్ కొండల యాసతో మాట్లాడేవాడు. భార్య గఢ్వాలీ ఆమె, చేతిలో స్టీలు ఫ్లాస్కుతో వరండాలో కూర్చునేది. ఎక్కడివారని ఎవరూ అడగలేదు. డాక్టరుగారు కూడా ఆ ఉదయం గజ్జల్లో నాడి చూస్తూ అడిగింది, వాళ్ళుండే పాలం కాలనీలో నీళ్ళు సరిగా వస్తున్నాయా అని.

నాలుగడుగులు వేస్తే గుండెలో నొప్పి అతనికి. ముఖ్యమైన నాళం ఒకటి బాగా మూసుకుపోయింది. బీడీలు కాల్చి కాల్చి ఊపిరితిత్తులు దెబ్బతిన్నాయి, మత్తిస్తే లేవడని సర్జన్లు ఆపరేషన్ చేయలేమన్నారు. మిగిలింది నాళంలో చిన్న బెలూన్ ఉబ్బించి దారి తెరవడం ఒక్కటే. ఆంజియోగ్రామ్ వేరేచోట చేయించుకొచ్చాడు. దానికి వాడేది సన్న గొట్టం కాబట్టి ఎలాగో పోయింది. బెలూన్‌కి కావలసిన గొట్టం అప్పట్లో లావుగా ఉండేది.

కుడివైపు మొదలుపెట్టారు. తీగ వెళ్ళింది. దాని వెనక గొట్టం కటి దగ్గరి రెండు మెలికల్లో పడి ఎలాగో పైకి ఎక్కింది. గుండె దగ్గర దాని కొసను నాళం నోటికి తిప్పాలి. ఆయన ఇక్కడ తిప్పుతున్నారు, అక్కడ కొస కదలడం లేదు. ఎక్స్‌రే తెర మీద కటి దగ్గర గొట్టం మెలిపడటం మొదలుపెట్టింది. వెంటనే ఆపి, తిప్పినదంతా వెనక్కి తిప్పి, మెల్లిగా బయటికి తీశారు. ఎడమవైపు చూశారు. అది ఇంకా అన్యాయం. నాళం గోడలో సున్నం పేరుకుని, తెర మీద రంగుమందు ఎక్కించకుండానే గీతల్లా కనపడుతోంది. మెలిక దగ్గర తీగ ఆగింది. జారుడు తీగ కూడా ఆగింది. కొంచెం రంగుమందు ఎక్కించి చూస్తే గోడ పక్కన సన్నటి చార ఒకటి నిలిచిపోయింది, చెరిగిపోవడం లేదు.

ఆయన ఒంటికాలి మీదికి మారారు. తెర వైపే చూస్తూ తెలుగులో నాకు చెప్పారు.

"లోపలి పొర లేస్తోందమ్మా. ఇంకాస్త తోస్తే చిరిగిపోద్ది. తీసేద్దామంటే ఇతనికి వేరే దారి లేదు. ఈ గుండె ఎన్నాళ్ళో లాగదు."

రోగి మీద కప్పిన ఆకుపచ్చ గుడ్డల అవతలి నుంచి మాట వినపడింది.

"ఆపకండయ్యా."

తెలుగు. మధ్యలో ఎక్కడా హిందీ తగలని తెలుగు. నలభై ఏళ్ళ కిందట ఊరు వదిలినప్పుడు ఎలా ఉందో అలాగే దాచిపెట్టుకున్నట్టున్న తెలుగు. టెక్నీషియన్ నా మొహం చూశాడు. ఆయన చెయ్యి తీగ మీద అలాగే ఉండిపోయింది.

"మీరనేదంతా నాకు తెలస్తానే ఉందయ్యా. మాది బాపట్ల దగ్గర. ఇంటికెళ్ళి మంచం మీద కూచుని చావు కోసం చూస్తా ఉండటం నావల్ల కాదు. ఒక్కసారి తోసి చూడండి."

తల దగ్గరికి నేను వెళ్ళాను. హవల్దారు కళ్ళు పైకప్పు వైపే ఉన్నాయి. భయం కనపడలేదు. తెలుగువాడు దొరికాడన్న ఒక చిన్న వెలుగు ఆ మొహంలో ఉంది. అది నేను ఊహించుకున్నది కాదు. ఆ స్థితిలో కూడా అతనికది సంతోషమే. నా వైపు చూసి, "మీరూ మనవాళ్ళేనా తల్లీ" అన్నాడు. అవునన్నాను.

డాక్టరుగారు తల ఎత్తలేదు. కాసేపటికి టెక్నీషియన్‌తో ఇంగ్లీషులో, ఆపేస్తున్నాం, రాసుకో అన్నారు. తర్వాత అదే గొంతుతో, గుడ్డల అవతలి మనిషితో కూడా ఇంగ్లీషులోనే చెప్పారు. ఈరోజుకి ఇక్కడితో ఆపుతున్నాం, ఇంకో మార్గం చూస్తాం, మేమే మీకు కబురు చేస్తాం. రోగులందరికీ చెప్పే మాటే అది. తీగను మెల్లిగా బయటికి తీశారు.

ఆపడం సరైన పనే. అప్పుడూ ఎవరూ కాదనలేదు, ఇప్పుడూ అనరు. ఇంకాస్త తోసి ఉంటే ఆ నాళం చిరిగి, లోపల్లోపలే రక్తం పోయి, మనిషి ఆ బల్ల మీదే పోయేవాడు. ఆయన్ని జీవితమంతా తొలిచింది అది కాదు.

గజ్జలో మిగిల్చిన చిన్న గొట్టాలు రక్తం పలచబడే మందు ప్రభావం తగ్గాక సాయంత్రం తీయాలి. తీసి, రంధ్రం మీద చేత్తో అదిమి పట్టుకోవాలి, రక్తం ఆగేదాకా. అది జూనియర్ల పని. ఆ సాయంత్రం ఆయనే వచ్చారు. గొట్టాలు తీసి, రెండు చేతులూ ఒకదాని మీద ఒకటి పెట్టి, ఒంటి బరువంతా వేసి అదిమారు. అలా వంగినప్పుడు ఇద్దరి మొహాలూ దగ్గరదగ్గరగా ఉన్నాయి. నేను మంచానికి అటువైపు బీపీ చూస్తున్నాను.

హవల్దారు మెల్లిగా అడిగాడు. "మధ్యలో మాట్లాడానని కోపమొచ్చిందా అయ్యా?"

"నో, నో. టేక్ రెస్ట్" అన్నారు ఆయన.

అతను సరేనన్నట్టు కళ్ళు మూసుకున్నాడు. ఆయన చాలాసేపు అలాగే అదిమి పట్టుకుని నిలబడ్డారు. నోరు తెరవబోయి మానుకోవడం నేను చూశాను. ఒకసారి కాదు. రక్తం ఆగాక దూదీ, పట్టీ వేసి, చేతులు కడుక్కుని వెళ్ళిపోయారు. మర్నాడు పొద్దున్నే వార్డుకి వెళ్ళారట మాట్లాడదామని. అప్పటికే మంచం ఖాళీ. కంపెనీ బండి ముందుగానే వచ్చి తీసుకుపోయింది.

ఆ తర్వాత ఆయన ఒకే పని మీద పడ్డారు. చేతి నాళం నుంచి గుండెకి వెళ్ళే పద్ధతి అప్పుడప్పుడే విదేశాల్లో మొదలైందని విన్నాం. దానికి కావలసిన సన్న గొట్టాలు మా దగ్గర లేవు. ఆయన ఎవరెవరికో ఉత్తరాలు రాశారు, ఎక్కడెక్కడికో ఫోన్లు చేశారు. తెప్పించాలంటే ఆసుపత్రి కమిటీ ఒప్పుకోవాలి. ఒక్క రోగి కోసం కొత్త సరుకెందుకని కమిటీలో అడిగారట. ఒక్కడి కోసం కాదని ఆయన వాదించారు కానీ, ఆ ఒక్కడి కోసమేనని నాకు తెలుసు. పొగమంచు రోజులు గడిచాయి. గొట్టాలు వచ్చి కస్టమ్స్‌లో ఇరుక్కున్నాయి. అవి ల్యాబ్‌కి చేరిన రోజు పెట్టె తనే విప్పి, హవల్దారుకి ఫోన్ చేయమని నన్ను పురమాయించారు.

హవల్దారు ఇంట్లో ఫోన్ లేదు. ఇచ్చింది పక్కింటి నంబరు. ఆ ఇంటావిడ ఎత్తింది. నేను చెప్పింది విని, "వో తో గుజర్ గయే, బెహెన్‌జీ" అంది. పోయి కొన్నాళ్ళయిందట.

ఆయనకు చెప్పాను. గొట్టాలను పెట్టెలో తిరిగి సర్దుతూ, ఆదివారం మీకు వీలవుతుందా, ఒకసారి వాళ్ళింటికి వెళ్ళొద్దాం అన్నారు. నన్నెప్పుడూ మీరు అని పిలిచేవారు కాదు. ఆ రోజు పిలిచారు.

పాలం కాలనీలో రైలు పట్టాలకు దగ్గరగా రెండు గదుల ఇల్లు. ఆయన తన మారుతి కారు సందు మొగలో ఆపితే లోపలికి నడిచి వెళ్ళాం. హవల్దారు భార్య మమ్మల్ని గుర్తుపట్టి నవారు మంచం మీద కూర్చోబెట్టింది. కాలేజీ చదివే కూతురు టీ తెచ్చింది. ఆయన ఆ టీ వేడిగా ఉండగానే తాగేశారు.

ఆమె మమ్మల్ని ఒక్క మాట కూడా నిష్ఠూరంగా అనలేదు. ఆసుపత్రి నుంచి వచ్చాక హవల్దారు చాలా ఉల్లాసంగా ఉండేవాడని చెప్పింది. ఆ డాక్టరు మా వైపు మనిషి, ఊరికే అనడు, తప్పకుండా పిలుస్తాడు అనేవాడట. పక్కింట్లో ఫోన్ మోగితే గుమ్మంలోకి వచ్చి నిలబడేవాడట. ఇంట్లో తెలుగు రాదు కదా, మాకెవరికీ ఆయన నేర్పనూ లేదు, ఇన్నేళ్ళకు తనవాడు దొరికాడని సంబరం అంది. పోయింది ఒక పొద్దుటిపూట, గడ్డం గీసుకుంటూ. పక్కన ఆమే ఉంది.

ఆయన నేల చూపులు చూస్తూ వింటున్నారు. ఆలస్యం ఎందుకైందో, గొట్టాలు ఎలా ఇరుక్కున్నాయో చెప్పబోయి మధ్యలోనే మానేశారు. ఆమెకి అదేమీ అక్కర్లేదు.

అంతలో పక్కింటావిడ గోడ మీంచి కేకేసింది, ఫోన్ వచ్చిందని. కూతురు లేవకుండా తల్లి వైపు చూసింది. తల్లి మాకు చెప్పింది. ఊళ్ళో హవల్దారుకి ఒక అక్క ఉందట. ప్రతి ఆదివారం ఇదే వేళకి టెలిఫోన్ బూత్ నుంచి తమ్ముడికి ఫోన్ చేసేది. తమ్ముడు పోయిన కబురు టెలిగ్రాం ఇచ్చారు. అయినా ఆదివారం ఫోన్ మానలేదు. ఏడుస్తుంది, ఏదో అడుగుతుంది. ప్రతిసారీ ఒకటే ప్రశ్న అని గొంతును బట్టి తెలుస్తోంది కానీ, ఏమడుగుతోందో వీళ్ళకు అర్థం కాదు. పిల్ల హిందీలో హాఁ బువా, అవునత్తా అని ఊరుకుంటోంది.

"మీరు మాట్లాడండి సాబ్. ఏమడుగుతోందో ఒకసారి కనుక్కోండి" అంది ఆమె.

పక్కింట్లో ఫోన్ వంటింటి గుమ్మం పక్కన గూట్లో ఉంది. అందరం వెళ్ళాం. ఆయన రిసీవరు తీసుకుని, "అమ్మా, నేను ఢిల్లీ నుంచి మాట్లాడుతున్నాను. మీ తమ్ముడికి వైద్యం చేసిన డాక్టర్ని" అన్నారు. అటువైపు నుంచి పెద్ద ఏడుపు. లైను సరిగా లేక ఆమె అరిచి మాట్లాడుతోంది. ఆ మాటలు నాకూ వినపడుతున్నాయి.

"నాయనా, మావోడు పోయేప్పుడు పక్కన మన మాట మాట్టాడేవోళ్ళు ఎవురన్నా ఉన్నారా? ఎవురూ చెప్పరే. నేనేమడిగినా ఆ పిల్ల ఆఁ ఆఁ అంటది."

అక్క అటు నుంచి అలో అలో అంటోంది. హవల్దారు భార్య ఆయన మొహమే చూస్తూ నిలబడింది.

"ఉన్నామమ్మా" అన్నారు చివరికి.

"ఎవురు నాయనా?"

"నేనున్నానమ్మా. నాతో మాట్లాడారు. తెలుగులోనే మాట్లాడారు."

అటువైపు ఏడుపు సన్నబడింది. సంతోషం నాయనా, మీరు చల్లంగుండాలి అని లైను తెగేదాకా దీవిస్తూనే ఉంది. ఆయన రిసీవరు పెట్టేశారు. ఏమడిగిందని హవల్దారు భార్య ఆత్రంగా అడిగింది. ఆయన నా వైపు చూడకుండా హిందీలో, బాధ పడ్డాడా అని అడుగుతోంది, లేదని చెప్పాను అన్నారు. ఆమె కొంగుతో కళ్ళు తుడుచుకుని, నిజమే, బాధేమీ పడలేదు, నేను పక్కనే ఉన్నాను కదా అంది.

సందులోంచి కారు దాకా ఆయన నా ముందు నడిచారు. లోపల కూర్చుని తాళంచెవి పెట్టారు గాని తిప్పలేదు. పట్టాల మీద గూడ్సు బండి ఒకటి చాలాసేపు వెళ్ళింది. అది వెళ్ళిపోయాక అన్నారు.

"ఆ సాయంత్రం అతని మీద వంగి అంతసేపు నిలబడ్డాను. ఒక్క తెలుగు మాట మాట్లాడి ఉంటే, ఇవాళ వాళ్ళక్కకి చెప్పింది ఇంత అబద్ధం అయ్యేది కాదు. భయమేసిందమ్మా. తెలుగులో మాట్లాడితే, తొయ్యమని ఇంకోసారి అడిగితే, మళ్ళీ బల్ల ఎక్కించి తోసేస్తానేమోనని భయమేసింది."

ఆ గొట్టాలతో ఆ ఏడాదే చేతి దారి మొదలుపెట్టారు ఆయన. మెలికల దగ్గర ఆగిపోయే మనుషులు చాలామంది ఆ దారిన బతికి ఇళ్ళకు వెళ్ళారు. మా టెక్నీషియన్ ఫోన్లో పొగిడిందీ, సంతాప సభలో అందరూ చెప్పబోయేదీ అదే. నాకు మాత్రం అప్పుడా కారులో ఏదో ఒకటి అనాలనిపించింది. మీరు చేసింది సరైన పనే సార్ అన్నాను. అది తనకు తెలుసన్నట్టు తల ఊపారు.

నన్ను ఆర్.కె. పురంలో క్వార్టర్ల ముందు దించారు. లోపలికి రమ్మంటే ఇంకోసారి వస్తానన్నారు. డాక్టరుగారి ఇల్లు కుడివైపు. ఆయన ఎడమకి తిప్పుకుని ఆసుపత్రి రోడ్డు పట్టారు. ఆ రోజు ఆదివారం, గొట్టాల పెట్టె ఉన్న ల్యాబ్‌కి తాళం వేసి ఉంటుంది.